ఎంగిలాకుల పేరు

4 ఆగస్టు 1990, శనివారం

నా ముందు పుట్టిన ఇద్దరూ పోయారు. చావుకు నా మీదా ఆశ పుట్టకూడదని అమ్మ నన్ను ఎంగిలాకుల మీద పడుకోబెట్టి మళ్లీ ఎత్తుకుంది. మా వైపు వాటిని పుల్లాకులంటారు, అందుకే పుల్లమ్మనయ్యాను. పనిలో చేరిన రోజు ఇది విని ‘మామా’ అని, అంటే అరబ్బీలో అమ్మా అని, మేం పిలిచే మా యజమానురాలు కళ్లు తుడుచుకుంది. “నా ఇంట్లో నువ్వు నూర్‌వి. వెలుగువి,” అంది. తొమ్మిదేళ్లుగా నూర్‌నే.

ఇరాక్ సైన్యం ఊళ్లోకొచ్చి మూడు రోజులు. పొద్దున మామా తన పిల్లల్ని కారెక్కిస్తూ, “సాయంత్రానికి వస్తాం నూర్, గేటు వేసుకో,” అంది. చిలక పంజరం కూడా కార్లో పెట్టుకున్నారు. అందించింది నేనే, బుద్ధిలేనిదాన్ని.

చీకటిపడ్డాక పక్కింటి డ్రైవర్ ఖాదరన్న గోడ మీంచి అడిగాడు. “మీవాళ్లు సౌదీ బార్డర్ దాటినారంట పుల్లమ్మా. నీకు చెప్పలేదా?”

ఆ ఆకుల మీద నన్ను పెట్టి అమ్మ అడుగు దూరం కూడా జరగలేదట.