మడత విప్పని దుప్పట్లు

నాన్నకు,

ఒంట్లో బాగానే ఉంది. ఎదురుగా నిలబడి చెప్పే ముఖం లేక కార్డు రాస్తున్నాను. నా ఫీజు కోసం అమ్మకానికి పెట్టిన నీ కుట్టుమిషను బేరం ఆపెయ్యి. బయానా తీసుకుని ఉంటే తిరిగి ఇచ్చెయ్యి.

పెద్ద ఫీజు మెడికల్ కాలేజీయే మంచిదని, తక్కువ ఫీజుది దండగని నీకు చెప్పింది నేనే. కానీ ఆ పెద్ద కాలేజీ ఆసుపత్రి చూసిన రోజే, మంచాల మీద దుప్పట్లన్నీ కొట్టులోంచి తెచ్చిన మడత గీతలతోనే ఉన్నాయి. వాటి మీద ఒక్క రోగీ పడుకోలేదని అప్పుడే తెలిసింది. అద్దాల మేడకు మనసు పారేసుకుని నోరు మూసుకున్నాను.

నిన్న తక్కువ ఫీజు కాలేజీకి వెళ్ళాను. అక్కడి దుప్పట్లు ఉతికి ఉతికి మెత్తబడి, అతుకులు పడి ఉన్నాయి. నర్సమ్మను అడిగితే, "మంచం ఖాళీగా ఉండేదెప్పుడమ్మా? దుప్పటి ఆరేలోపే ఇంకొకరొస్తారు. మా పిల్లలు పని నేర్చుకునేది వీళ్ళ దగ్గరే కదా" అంది. నాకు తల కొట్టేసినట్టయింది. మడత చూసి గుడ్డ సంగతి చెప్పడం నేర్పింది నువ్వు. నీకే అబద్ధం చెప్పాను.

రేపు ఇక్కడే చేరుతున్నాను. అమ్మ మోకాలి నొప్పి తగ్గిందా? నానమ్మ కళ్ళజోడు బాగు చేయించావా? నా పాత దుప్పటి పంపు, హాస్టల్లో ఇవ్వరట. నానమ్మకు, అమ్మకు దండాలు. ఈ కార్డు వాళ్ళ దగ్గర దాచకుండా చదివి వినిపించు.

తెల్లకోటు బయట కొనను. ఆ మిషను మీదే కుట్టు.

నీ పెద్దమ్మాయి