హాలు చివరి వరుసలో

ఏవండీ,

మీరు పోయాక రెండువేల సంవత్సరం వచ్చింది. మీరు భయపడినట్టు కంప్యూటర్లేవీ ఆగలేదు.

రేపు మన లహరికి ఆర్కెస్ట్రాలో ఆడిషన్. ఏ బాకా ఊదాలో, మీరు కొన్న ట్రాంబోనా, కొత్తదా తేల్చుకోవాలి. దూరానికి ఏది బాగా వినిపిస్తుందో వాయించేవాళ్ళకు తెలియదు కదా. అందుకే మీలాగే హాలు చివరి వరుసలో, ఏది వాయిస్తోందో కనబడకుండా వీపు తిప్పి కూర్చున్నాను. రెండింటినీ ఐదుసార్లు మార్చి మార్చి వాయించింది. మొదటిది నచ్చిందో, రెండోది నచ్చిందో ప్రతిసారీ కాగితం మీద రాసుకున్నాను.

"అన్నిసార్లూ కొత్తదే చెప్పావమ్మా. డాడీది ఒక్కసారి కూడా లేదు. ఆర్ యూ ష్యూర్?" అంది లహరి.

"డాడీ ఉన్నా నిజమే చెప్పేవారు. కొత్తదే వాయించు."

మీ ట్రాంబోన్ పెట్టెను కారుదాకా నేనే మోశాను. ఇన్నేళ్ళూ మీరే మోసేవారు. ఇంత బరువని ఒక్కసారైనా చెప్పలేదేమండీ?