పటేలు వాకిలికి ఎదురుంగ కట్ల అర్ర

మహారాజశ్రీ సిద్దిపేట తాలూకా తహసీల్దారు గారి సముఖమునకు,
నంగునూరు పక్కనున్న నల్లబండపల్లె నివాసి మైసయ్య, తండ్రి పోచయ్య, బొక్కలు కట్టే వృత్తి, చేసుకొను మనవి.
1949, మార్చి నెల.

అయ్యా,

విషయం: ఊరి గుట్ట ఏటవాలున ఇల్లు, ఇంటి ముందర కట్ల అర్ర కట్టుకొనుటకు జాగ మంజూరు చేయుట గురించి, సదరు అర్ర మా పోలీసు పటేలు రాజమల్లయ్య గారి వాకిలికి ఎదురుగనే ఉండవలెనను సంగతి గురించి.

విరిగిన కాళ్లు చేతులు సరిచేసి కట్టుకట్టి జీవించువాడను. మా నాయినదీ ఇదే పని. ఈ అర్జీని మా ఊరి బడి పంతులు చంద్రశేఖర్ గారు రాయుచున్నారు. ఇందులోని మంచి మాటలు వారివి. తక్కినవి నావి.

1. నా ప్రస్తుత గృహము ఒకటే అర్ర. కాలు విరిగినాయనను మంచంల పండవెడితే నేను, నా పెండ్లాం ఐలవ్వ, కొడుకు పర్శరాములు వాకిట్ల పండాలె. వానకాలం ఆయన నొప్పికి ఒర్లుతుంటే ఆ మంచం పక్కనే ఐలవ్వ అన్నం వండుతది. ఆడమనిషి వస్తే కట్టు కట్టనీకి చాటు లేదు.

2. గుట్ట ఏటవాలు జాగ ఎవరి పట్టా కాదు. అక్కడ నీళ్లు నిలువవు. కట్టుకు నూరే నల్లేరు ఆ బండల సందుల్లనే దొరుకుతది. సగం దాక బండి వస్తది. ఆ పైకి మెట్లు పెట్టను, కర్ర పట్టుకున్నోడు ఎక్కేటట్టు వాలుగ బాట తీస్త. అయినను, సదరు జాగ పశువుల మేతకు విడిచినదనియు, కాళ్లు విరిగినవారు గుట్ట ఎక్కజాలరనియు పటేలు గారు రిపోర్టు పంపియున్నారు. విచారణకు వచ్చిన గిర్దావరు గారు పటేలు ఇంట్ల బువ్వ తిని, గుట్ట మొఖం సూడకుంటనే, ఎక్కజాలరని రాసుకపోయిన్రు.

3. ఇంటి నమూనా: వెనుక రెండు అర్రలు మాకు. ముందర పొడుగు అర్ర కట్లకు. దాంట్ల మంచాలు, నూనె కాచే పొయ్యి, కాలు లాగి పెట్టేటందుకు దూలానికి ఒక తాడు. నడుమ అడ్డగోడ, ఇటు ఒర్లుడు అటు వినవడకుండ. తలుపు తూర్పుకు పెట్టుమని పంతులు గారన్నరు. పటేలు వాకిలి దిక్కే పెడతనని నేనన్న.

ఈ మాట విని ఐలవ్వ చేతిలున్న చాట కింద వెట్టింది. "ఇల్లు మనం ఉండనీకి కడుతున్నవా, పటేలును సూడనీకి కడుతున్నవా?" అన్నది.

"రెండిటికీ" అన్న.

పటేలు పొద్దుగాల పండ్లు తోముకుంట బయటికి వస్తే ముందుగాల నా కట్ల అర్రనే కనవడాలె. ఆయన మనుషులు కొట్టిన దెబ్బలకు విరిగినోళ్లను ఊరోళ్లు ఇన్నేండ్లు చేన్ల పొంటి, దొంగల తీరు నా ఇంటికి మోసుకొచ్చిన్రు. ఇగ మీదట ఆయన గేటు ముందల నుంచే, పట్టపగలే మోసుకొని రావాలె.

4. ఇంత పట్టు ఎందుకని తమరికి సందేహము కలుగవచ్చును. కారణము ఈ కింద విన్నవించుకొనుచున్నాను.

నిరుడు ఎండకాలం పటేలు బిడ్డ పెండ్లికి కట్టెలు కొట్టనీకి ఇంటికొకరు వెట్టికి రావాలన్నరు. ఆ పొద్దు నేను గొర్లకాపరి దుబ్బయ్య కాలు గుంజి సరిచేస్తున్న. పర్శరాములు ఆయన తొడ అదిమి పట్టుకున్నడు. నడుమల ఇడిస్తే ఆ కాలు మళ్ల కూడదు. "ఈ కట్టు కాంగనే వస్త" అన్నడు నా కొడుకు. పటేలు మనుషులు సరేనన్నరు. కట్టు అయ్యేదాక గడపల నిలవడ్డరు. అయినంక వాని కుడిచెయ్యి అదే గడప మీద పెట్టి రోకలితోని కొట్టిన్రు.

నేను వాని చెయ్యి పట్టుకుంటుంటే నన్ను నడువుమన్నరు. పటేలు ఎద్దుకు కాలి కీలు తప్పిందట. "పిలగాని చెయ్యి కట్టి వస్త" అన్న. రెక్కలు పట్టి ఈడ్చుకపోయిన్రు.

కొట్టంల పటేలు నిలవడి ఉన్నడు. "పటేలా, కాళ్లు మొక్కుత. ఒక్క గడియ ఇడువు. బొక్క ముదిరితే వంకర పోతది" అన్న.

"నా ఎద్దు నడిచినంక పో. నీ కొడుక్కు ఇంకో చెయ్యి ఉన్నది గద" అన్నడు.

కొట్టానికి కాపలా పెట్టిండు. ఎద్దు ఏం పాపం చేసింది, దాని కాలు మంచిగనే చేసిన. ఇంటికాడ ఐలవ్వ తన చీర కొంగు చింపి పిలగాని చెయ్యి చుట్టింది. గుంజుడు ఆమెకు రాదు. నెల దినాలకు ఎద్దు నడిచినంక నన్ను ఇడిస్తే ఉరికిన. అప్పటికే బొక్క అడ్డంగ కూడింది.

అయ్యా, ఆ ఎద్దు ఇయ్యాల కూడ నాగలి గుంజుతున్నది. నా కొడుకు కుడిచేత్తోని ముద్ద ఎత్తితే నోటికాడికి రాదు. నా తర్వాత కట్లు కట్టవలసినోడు వాడు. ఆ పొడుగు అర్ర వాని కోసమే అనుకున్న.

యూనియన్ పటాలం వచ్చినంక పటేలు నెత్తి మీదికి కాంగ్రెసోళ్ల తెల్ల టోపీ వచ్చింది. టోపీ కింద మనిషి ఆయననే.

5. కావున ప్రార్థించునది ఏమనగా, సదరు జాగ నా పేర మంజూరు చేయించవలెను. మరియు, పునాదికి మొదటి రాయిని రాజమల్లయ్య గారు స్వయముగ తమ నెత్తిన మోసుకొని గుట్ట మీదికి తేవలెను.

ఇక్కడ పంతులు గారు కలం ఆపిన్రు. "మైసయ్యా, గిసొంటియి అర్జీల రాయరు" అన్నరు.

"రాయున్రి పంతులూ. ఆయన మోయకుంటె మాయె. అడిగిన్నని ఆయనకు ఎరుక కావాలె."

రాసిన్రు.

పై సంగతులన్నియు సావధానముగ చిత్తగించవలెను. నా కోపమును కూడ చిత్తగించవలెను.

తమ విధేయుడు, పటేలుకు కానివాడు,
మైసయ్య (వేలిముద్ర)

మళ్ల రాయించేది: అర్జీ సిద్దిపేటకు పంపే లోపల ఒకటి జరిగింది. పంతులు గారు రాసింది చదువుతుంటే పర్శరాములు గోడకు ఒరిగి ఇన్నడు. అంత అయినంక నా ముందట కూసొని చెయ్యి చాపిండు.

"బాపూ, ఇల్లు ఎప్పుడన్న కట్టుకుందం. ముందుగాల ఇది ఇరువు. మళ్ల సక్కగ కట్టు."

ముదిరిన బొక్కను మళ్ల విరిచి కట్టొచ్చునని నాకు తెలువక కాదు. ఎందరియో విరిచిన. వానిది ముట్టనీకి ఇన్ని దినాలు నాకు చేతులు రాలే. ఐలవ్వ దిక్కు సూసిన. "ఇరువు" అన్నది ఆమె కూడ.

నూనె రాసుకుంట, కాపడం పెట్టుకుంట చేతిని మెత్తవరిచిన. నిన్న పొద్దుగాల ముగ్గురం గుట్ట ఎక్కినం. నేను అర్రకు అనుకున్న జాగలనే బండ మీద వాన్ని పండవెట్టిన. ఐలవ్వ తల పట్టుకున్నది. కింద పటేలు అరుగు మీద కూసోని సూస్తనే ఉన్నడు. విరిచిన. నా కొడుకు నోరు తెరువలే. నేనే ఒర్లిన. ఊరంత ఇన్నది. పటేలు లేచి లోపటికి పోయి తలుపు పెట్టుకున్నడు.

గుంజి, సరిచేసి, వెదురు బద్దలు పెట్టి కట్టిన. ఈసారి సక్కగ కుదిరింది. వేళ్లు కదిలిస్తున్నడు. పిలగాన్ని కిందికి దించుడు మంచిది కాదని అక్కడనే తాటాకుల పందిరి ఏసినం. ఐలవ్వ మూడు రాళ్లు తెచ్చి తూర్పు దిక్కు పొయ్యి పెట్టుకున్నది. నన్ను అడగలే.

తమరు మంజూరు చేస్తే గోడలు లేపుతం. చేయకుంటె పందిట్లనే కట్లు కడుతం. కొడుకు చెయ్యి సక్కగ అయితే కోపం పోతదని పంతులు గారు అంటున్నరు. వారు చదువుకున్నోళ్లు, ఏమో మరి. నాకైతే పటేలు తలుపు తెరిచే పొద్దు కోసం కూసున్నట్టే ఉన్నది.