చెలమలో నురగ

ఉదయగిరి, గురువారం రాత్రి

 

మా ఆయన మద్రాసు నుంచి తెచ్చిన సబ్బు పొడితో మొన్న వాగు మడుగులో ఆయన చొక్కాలు ఉతికాను. "అమ్మకు చెప్పబాక" అన్నాడు. అందరం, వాగు ఇసుకలో తవ్విన తాగేనీళ్ళ చెలమకు ఎగువనే ఉతుకుతాం. కుంకుడు నురగ ఇసుకలో ఇంకేసరికి విరిగిపోతుంది. ఇదీ అంతే అనుకున్నాను. ఈ పొద్దున చెలమలో కడవ ముంచితే నురగ తేలింది.

"ఏందమ్మే, తాగే నీళ్ళలో ఏం కలిపినావు?" అని ఎదురింటి అవ్వ నా కడవ లాక్కుంది. ఆయన తెచ్చిన పొడి అని మాత్రం అనగలిగాను. అంతలో ఆయనే పాఠాలు చెప్పడానికి బడికి పోతూ కనబడ్డాడు. ప్రాణం లేచొచ్చింది.

"పొడి తెచ్చింది నువ్వేనంటరా?" అని అవ్వ అడిగింది.

"నాకేం తెలుసవ్వా, దాన్నే అడుగు" అని నవ్వి, ఆ పొడితో ఉతికిన తెల్లచొక్కాతోనే వెళ్ళిపోయాడు.

"ఇంక ఈ చెలమకు రాబాక" అన్నారు నీళ్ళకొచ్చిన వాళ్ళందరూ.

మిట్టమధ్యాహ్నం కొండకింద బావి దాకా నడిచి నీళ్ళు తెచ్చాను. ఇందాక అన్నం తింటూ ఆయన ఆ నీళ్ళే తాగాడు.

"చల్లగా ఉండాయే" అన్నాడు. ఎక్కడివని అడగలేదు.