ఆయ్ అన్నందుకు

శ్రీవారికి నమస్కారం. స్వామి దయవల్ల నేనూ అబ్బాయి శేషూ కులాసా. ఫోనులో చెబితే వాడు వింటాడని కార్డు రాస్తున్నాను.

నిన్న మిలటరీ ఆసుపత్రిలో వాడికి కొత్త కాలు తొడిగి నడిపించారు. ఈ కొత్తరకం కాళ్ళ పరిశోధనకి సర్కారు ఇచ్చిన డబ్బుతో కొద్ది కాళ్ళే తయారయ్యాయట. నప్పితే వాడు మళ్ళీ డ్యూటీలో చేరవచ్చు. మరాఠీ డాక్టరుగారు అడుగడుక్కీ "ఠీక్ హై?" అని అడిగితే వీడు ఇంట్లోలాగే "ఆయ్, ఆయ్" అన్నాడు. వాళ్ళ భాషలో ఆయీ అంటే అమ్మట. నొప్పికి అమ్మా అంటున్నాడనుకుని ఆయన కాలు విప్పించేసి, ఇంకొకరికి చూద్దామన్నారు. నేను కంగారుగా వెళ్ళి, మా వైపు ఔనండీ అనడమే అదని వచ్చీరాని హిందీలో చెప్పాను. ఆయన నవ్వి, వచ్చే నెల మళ్ళీ చూస్తానన్నారు.

శేషుని కోప్పడితే, "పెద్దాయన అడిగేరు కదమ్మా, ఆయ్ అనకపోతే మర్యాదేనా?" అంటున్నాడు. నాకు ఒకచోట కాలు నిలవడం లేదు. మీరూ ఫోనులో మాటకోసారి ఆయ్ అంటారు, కాస్త తగ్గించండి.

కొబ్బరి దింపు అయిందా? వాణికి జ్వరం తగ్గిందా? అత్తయ్యగారికి నమస్కారాలు.

ఆ కాలు వీడికి కాకపోతే పక్క మంచం అబ్బాయికట. దణ్ణం పెట్టుకోబోతే వాళ్ళమ్మ ముఖం కళ్ళలో మెదులుతోంది. మీరు పలివెల గుడికి వెళ్ళినప్పుడు స్వామిని శేషు ఒక్కడి కోసం అడగకండి. ఆ పరిశోధనకి ఇంకాస్త డబ్బు ఇప్పించమని అడగండి.

సూర్యావతి