హేమవర్ధని రాసిన డాక్టరు

కొల్లాపూర్,
12 జూన్ 1987

ప్రియమైన అరుణకు,

నీ జాహేదా రాస్తున్నది. ఇక్కడ అందరం బాగున్నాం. ఈ కట్టలో హేమవర్ధని కొత్త సీరియల్ నాలుగు వారాలది ఉంది. పత్రికలోంచి కాగితాలు చింపి వరసగా పెడితే మా ఆయన మెహమూద్ కుట్టు మిషను మీద అంచు కుట్టి ఇచ్చాడు. "నవలలకు గూడ లాగుల లెక్క కుట్లెయ్యాల్నా?" అని గులిగాడు గానీ కుట్టు మాత్రం గట్టిగానే వేశాడు. దుకాణంలో ఒక గోడంతా నా కిరాయి పుస్తకాలే. బట్టలు కుట్టించుకోవడానికి వచ్చినవాళ్ళు కొలతలు ఇవ్వడం మరిచిపోయి నవలలు తిరగేస్తున్నారని ఆయన ఏడుపు.

నల్లగొండ బడిలో లెక్కల పుస్తకం చాటున ఆమె నవలలు చదివి ఇద్దరం ఎన్ని దెబ్బలు తిన్నాం! అప్పుడు ఆమె ఎందుకు నచ్చేదో తెలియదు. ఇప్పుడు తెలుస్తోంది. మిగతావాళ్ళ హీరోయిన్లకు పొద్దున లేస్తే అద్దం, పూలు, వీణ. ఈమె హీరోయిన్‌కు నడుం నొప్పి, మాడిన అన్నం, పలకని మొగుడు. ఆ కోస్తా భాష మనది కాదు, ఆ ఇళ్ళూ మనవి కావు. అయినా మన వాకిట్లో కూర్చుని చూసిపోయినట్టు రాస్తుంది. ఆమె చూడనిది రాయదే అరుణా, ఒట్టు.

మీ పాప బిక్షమ్మ కాళ్ళ సంగతి ఏమీ రాయలేదేం? నల్లగొండ దవాఖానలో ఏమన్నారు? దాచకుండా రాయి.

నీ
జాహేదా


గుట్టకిందిపల్లి,
5 జూలై 1987

ప్రియమైన జాహేదాకు,

కట్ట అందింది. ఇంట్లో చదువుకునే తీరిక ఎక్కడిది? బోరింగు దగ్గర బిందె వరసలో పెట్టి చదువుతుంటే ఆడవాళ్ళంతా చుట్టూ మూగారు. ఇప్పుడు రోజూ పైకే చదవాల్సి వస్తోంది. పుల్లమ్మ నీకు తెలుసు కదా, మా పక్కింటామె. నడుం పూర్తిగా వంగిపోయింది. "గట్టిగ సదువు బిడ్డా. తల లేపి నీ మొకమైతె సూడలేను, మాటన్న ఇంట" అంటుంది. ఈ ఊళ్ళో నలభై దాటినవాళ్ళ మెడలు అన్నీ అంతే.

బిక్షమ్మకు అయిదేళ్ళు నిండాయి. మోకాళ్ళు లోపలికి తిరిగి నడుస్తుంటే ఒకదానికొకటి రాసుకుంటున్నాయి. నల్లగొండ డాక్టరు చూసి, బోరింగు నీళ్ళలో ఫ్లోరైడు ఉంది, అది ఎముకలను తింటోంది, వేరే నీళ్ళు తాగించండి అన్నాడు. వేరే నీళ్ళు ఎక్కడినుంచి తేవాలి? మూడు ఊళ్ళ అవతలా ఇవే నీళ్ళు.

ఇంతలో నాలుగో వారంలో డాక్టర్ ప్రభంజన్ వచ్చాడు చూడు! సముద్రం పక్కన ఆస్పత్రి, అచ్చం మా బిక్షమ్మలాంటి పిల్లలు, ఆయన వాళ్ళ కాళ్ళు సరిచేయడం. పుల్లమ్మ వెంటనే "గా డాక్టరు ఏడుంటడో అడుగు బిడ్డా, మా మనుమన్ని గూడ తోల్కపోదం" అన్నది. ఆమె చూడనిది రాయదని నువ్వే అన్నావు. అయితే ఆ ఆస్పత్రి ఎక్కడో ఉండాలి కదా. పత్రికవాళ్ళ ద్వారా ఆమెకు ఉత్తరం రాయవే. నా కంటే నీ రాత బాగుంటుంది.

నీ జవాబు కోసం చూస్తూ,
అరుణ


కొల్లాపూర్,
28 ఆగస్టు 1987

ప్రియమైన అరుణా,

హేమవర్ధనికి రాశాను. ఇంకా జవాబు లేదు. అది వచ్చేలోపు ఒక మాట చెబుతాను, కోపగించుకోకుండా చదువు.

బిక్షమ్మను నా దగ్గరికి పంపు. మేము తాగేది కృష్ణ నీళ్ళు. ఇక్కడి డాక్టరును అడిగాను. పసి ఎముకలు ఇంకా ముదరలేదు, ఇప్పుడే నీళ్ళు మారిస్తే ఆగుతుంది, కొంత సర్దుకోవచ్చు కూడా, రెండేళ్ళు పోతే చెప్పలేం అన్నాడు. మా అత్త షరీఫున్నీసా సంగతి నీకు తెలుసు, నా వంట కూడా ఆమెకు నచ్చదు. అలాంటామె "పిల్లను తీస్కరమ్మను, నా పక్కల పండుకోవెట్టుకుంట" అన్నది. బడి మా ఇంటి ఎదురుగానే. నువ్వూ జంగయ్య అన్నా నెలకోసారి వచ్చి చూసుకోండి. పొలం వదిలి మీరు రాలేరు, నిజమే. పిల్ల రాగలదు కదా.

ఒక్క ముక్క రాయి, నేనే వచ్చి తీసుకుపోతాను.

నీ
జాహేదా


గుట్టకిందిపల్లి,
10 అక్టోబరు 1987

ప్రియమైన జాహేదాకు,

నీ మంచి మనసుకు ఏమని రాయను? కానీ కొంచెం ఆగుదాం. పోయిన వారం కట్టలో డాక్టర్ ప్రభంజన్ ఒక పిల్లవాణ్ణి ఊతకర్ర లేకుండా నడిపించాడు. బోరింగు దగ్గర అందరం ఏడ్చాం. అంత వివరంగా రాసిందంటే ఆమెకు ఆ డాక్టరు తెలిసే ఉంటాడు. ఆ అడ్రసు వస్తే నేరుగా అక్కడికే తీసుకుపోతాను. జవాబు వచ్చిందా?

నీకు తెలియనిది కాదు. దీనికి ముందు పుట్టిన ఇద్దరు పోయారు. ఇదైనా దక్కాలని, పుట్టగానే అయిదిళ్ళు తిరిగి బిచ్చమెత్తి, ఆ గింజలతో వండి, బిక్షమ్మ అని పేరు పెట్టుకున్నాం. నీ మాట చెబితే మా అత్త గుర్వమ్మ "బిచ్చమెత్తి సాదుకున్న పిల్లను ఇంకో ఇంటికి పంపుతవా? దేవుడు ఊకుంటడా?" అని రెండు రోజులు అన్నం తినలేదు.

సీరియల్ అయిపోనీ. తర్వాత చూద్దాం.

నీ
అరుణ


కొల్లాపూర్,
15 నవంబరు 1987

ప్రియమైన అరుణా,

జవాబు ఇంకా రాలేదు. అంత పెద్ద రచయిత్రికి ఎన్ని ఉత్తరాలు వస్తాయో. ఈ నెల ఒళ్ళు బాగుండడం లేదు, మళ్ళీ నెల తప్పింది. పిల్ల సంగతి ఆలోచించు. కొత్త కట్ట పంపుతున్నాను.

జాహేదా


కొల్లాపూర్,
20 మార్చి 1989

ప్రియమైన అరుణకు,

పోయిన వారం నల్లగొండ బస్టాండులో నిన్ను చూసిన దగ్గరనుంచి నాకు తిండి సహించడం లేదు. బిక్షమ్మ నీ కొంగు పట్టుకుని పక్కవాటుగా నడిచి వచ్చింది. ఏడేళ్ళ పిల్ల నాలుగు అడుగులకు ఒకసారి ఆగింది. నా చంటివాణ్ణి ఎత్తుకుంటానని చేతులు చాచింది. నేను ఇవ్వలేకపోయాను, పడేస్తుందని భయపడ్డాను. అది పిల్లకు అర్థమైంది.

నీకు ఒక అబద్ధం చెప్పాను. హేమవర్ధని జవాబు 1987 సెప్టెంబరులోనే వచ్చింది. ఇన్నాళ్ళూ కిరాయి పుస్తకాల వెనక దాచాను. ఆమె రాసినది రాసినట్టు ఇక్కడ దించుతున్నాను:

"చెల్లీ, ఆ డాక్టరు లేడు. ఆ ఆస్పత్రీ లేదు. మీ జిల్లా పిల్లల ఫొటో ఒకటి పేపర్లో చూసి నాకు అన్నం సహించలేదు. వాళ్ళకు ఎవరూ లేరనిపించి ఒక డాక్టరును కల్పించాను. మీ వైపు నేను ఎన్నడూ రాలేదు. నా నవలను నమ్మి పాపను ఆపకండి. ముందు నీళ్ళు మార్చండి."

నువ్వు ఆ డాక్టరు మీదే ప్రాణాలు పెట్టుకున్నావని చెప్పలేకపోయాను. ఎదురుగా వచ్చి చెబుదామనుకున్నాను. తర్వాత కడుపు, కాన్పు, పసివాడు, అన్నీ సాకులే. ఆమె చూడనిది రాయదని ఒట్టు పెట్టింది నేనే. నువ్వు నమ్మింది ఆమెను కాదు, నన్ను. ఆ కాగితం అప్పుడే నీకు పంపి ఉంటే ఈపాటికి పిల్ల మా వాకిట్లో ఆడుకునేది. నన్ను తిట్టు. ఇక రాయనని రాయి. ఏదో ఒకటి రాయి.

నీకు అన్యాయం చేసిన
జాహేదా


గుట్టకిందిపల్లి,
2 ఏప్రిల్ 1989

నా జాహేదాకు,

నీ ఉత్తరం నాలుగుసార్లు చదివాను. నిన్ను తిట్టే నోరు నాకు లేదు.

ఎనభై ఏడు జూలైలో నీకు రాసి ఊరుకోలేక ఆ వారమే నేనూ హేమవర్ధనికి ఒక కార్డు రాశాను. చింపిన కాగితాల అడుగున పత్రిక అడ్రసు ఉంటుంది కదా. ఆగస్టు మొదట్లోనే జవాబు వచ్చింది. నీకు వచ్చిన మాటలే, కొంచెం అటూ ఇటూ. పాపను ఆపకండి, నీళ్ళు మార్చండి. ఎవరూ చూడకుండా పొయ్యిలో పెట్టాను. పిల్లను పంపమని నువ్వు రాసిన నాటికి నాకు అంతా తెలుసు.

తెలిసే నీకు "జవాబు వచ్చిందా" అని రాశాను. తెలిసే బోరింగు దగ్గర ఆ డాక్టరు సంగతి గొంతు పెంచి చదివాను. ఆ డాక్టరు లేడని ఒప్పుకుంటే బిక్షమ్మను నీకు పంపాలి. అది లేని ఇల్లు నేను తట్టుకోలేను జాహేదా. ఇద్దరిని మట్టిలో పెట్టి వచ్చిన చేతులతో మూడోదాన్ని బస్సెక్కించలేకపోయాను. మా అత్త ఏడ్చిన మాట నిజమే. కానీ ఆమె ఏడుపు నాకు కలిసివచ్చింది. ఊళ్ళో మిగతా తల్లులకు పోయే జాగా లేదు. నాకు ఉంది. ఉండి కూడా ఆపుకున్నాను.

హేమవర్ధని అంటే అంత ఇష్టం ఎందుకని మా ఆయన జంగయ్య ఎప్పుడూ అడుగుతాడు. మన బాధ ఆమెకు తెలుసు కాబట్టి అనేదాన్ని. అది బడిలో ఉన్నప్పటి మాట. ఈ రెండేళ్ళు ఆమె నాకు పనికి వచ్చింది, అంతే. పాపం ఆమె నిజమే చెప్పింది. ఆమె చెప్పిన నిజం నాకు వద్దనిపించింది, అబద్ధం కావాలనిపించింది.

సోమవారం మళ్ళీ నల్లగొండ తీసుకుపోయాను. డాక్టరు చాలాసేపు చూశాడు. "కాళ్ళు ఇగ గంతేనమ్మా. నీళ్లు ఇప్పుడన్న మారిస్తె నడుము, మెడ దక్కుతయేమో. రెండేండ్ల కింద ఏడున్నవు?" అన్నాడు. కాల్చిన ఉత్తరం సంగతి కూడా దాచకుండా నిన్న మా ఆయనకు చెప్పాను. పొలానికి పోయి పొద్దు గూకినా రాలేదు.

వచ్చే వారం బుధవారం పొద్దటి బస్సుకు ఆయన బిక్షమ్మను తీసుకుని బయలుదేరుతున్నాడు. నేను రాను. వస్తే మళ్ళీ వెంట తెచ్చేసుకుంటానని నా మీద నాకే నమ్మకం లేదు. అది బాగా ఏడుస్తుంది, మీ అత్తకు చెప్పు. వెల్లుల్లి కారం వేస్తే అన్నం తింటుంది. నా గురించి అడిగితే అమ్మకు పని ఉంది అని చెప్పండి.

బస్సు మెట్లు అది తానుగా దిగలేదు, ఆయన చేతుల్లో మూటలుంటాయి. మెహమూద్ అన్నను బస్టాండుకు రమ్మని చెప్పు. ఎత్తి దించాలి.

అరుణ