కళ్ళలో వాన పడలేదు

తూరి,
మే 22

మా అన్నయ్య తానెల్‌కి,

అమ్మ బాగుంది, నేనూ బాగున్నాను, నా మోకాలు మాత్రం దాని ఇష్టం. సముద్రం అవతల రౌమాలో నువ్వు, వదిన, హెడి ముగ్గురూ కులాసాగా ఉన్నారనే నమ్మకంతో మొదలుపెడుతున్నాను.

నీ ఉత్తరం అంది మూడు వారాలైంది. ఈపాటికి తిట్టుకునే ఉంటావు. పూల సంత హడావుడి అని చెప్పి తప్పించుకోవచ్చు గానీ, అసలు కారణం అది కాదు. అదేమిటో ఈ కాగితాలు అయిపోయేలోపు నీకే తెలుస్తుంది. ఫోన్ చేయొచ్చుగా అంటావా? మన ఫోన్ సంగతి మనకి తెలియనిదా? "ఎలా ఉన్నావ్?" "బానే ఉన్నా." "అక్కడ వానా?" "ఆ, వానే." అంతే, పెట్టేస్తాం. అమ్మ పక్కనే కూర్చుని విని, "రెండు చెట్లు మాట్లాడుకున్నట్టుంది" అంటుంది. మనకి మాట కాగితం మీదైతేనే బయటికొస్తుంది.

పెట్టెలు ఇంకా అమ్మే మోస్తోందా అని అడిగావు. మోస్తోంది. సంతలో టమాటా నారు, బంతి నారు రెండు రోజుల్లో ఖాళీ చేసేసింది. నేను పెట్టె అందుకోబోతే, "నువ్వు నీ మోకాలు మోసుకో, చాలు" అంది. అక్కడితో ఊరుకుందా? పక్క బల్ల మీద తేనె అమ్మే ఐనోని పిలిచి, "చూడవయ్యా, ఏడు దేశాలు తిరిగొచ్చిన మొనగాడు! టమాటా మొక్కని కుందేలులా చెవులు పట్టుకుని ఎత్తుతున్నాడు" అని నా పరువు తీసింది. ఆయన కళ్ళు తుడుచుకుంటూ నవ్వాడు. ఆ పక్కనున్నావిడ నన్ను ఎగాదిగా చూసి, "నువ్వు టీవీలో కనబడే ఆ కుర్రాడివి కదూ? టీవీలో పొడుగ్గా ఉంటావే!" అంది. ఫుట్‌బాల్‌లో ముప్పై ఒక్కసార్లు దేశం చొక్కా వేసుకున్నందుకు మన ఊళ్ళో దక్కిన సన్మానం ఇది.

తిరిగిన చోట్లన్నిటిలో ఎక్కడ తిండి బాగుందో చెప్పమని హెడి అడిగిందన్నావు. దానికి చదివి వినిపించు. హాలండ్‌లో పొద్దున్నే రొట్టె మీద వెన్న రాసి, దాని మీద చాక్లెట్ పలుకులు చల్లుకు తింటారు. పదిహేడేళ్ళవాడికి ఇంకేం కావాలి, అక్కడే స్థిరపడిపోదామనుకున్నాను. నార్వేలో మేమున్న ఊళ్ళో చలికాలం సూర్యుడు కనబడడు, చేప మాత్రం పూటపూటా కనబడుతుంది. పోలండ్‌లో నాలుగు రకాల సూప్ తిని నాలుగు కిలోలు పెరిగాను. కోచ్ నన్ను బరువుల యంత్రం మీద నిలబెట్టి జట్టు మొత్తాన్ని పిలిచాడు. స్లొవేకియాలో పడ్డ రెండేళ్ళూ సగం బెంచీ మీదే గడిచాయి గనక రుచి గుర్తులేదు. సైప్రస్‌లో పండు కోసుకోవడానికి చెయ్యి చాపితే చాలు. కజకిస్తాన్‌లో గొర్రె తలకాయ తెచ్చి నా ముందు పెట్టారు, గౌరవమట. చెవి కోసి పక్కనున్న చిన్న ఆటగాడికి ఇవ్వాలట, పెద్దల మాట వినమని. వాడు తిన్నాడు గానీ, ఆ తర్వాత ఒక్క రోజు కూడా నా మాట వినలేదు. ఇండోనేషియాలో మొదటి ముద్దకే నా ముక్కూ కళ్ళూ ఏకమయ్యాయి. వంటావిడ కంగారుపడి, "అయ్యో బాబూ, ఇది పిల్లల కోసం కారం లేకుండా చేసిందే!" అంది. ఇంతా చేసి, ఎక్కడ ఆకలేసినా నాకు మనసులో మెదిలింది అమ్మ నల్ల రొట్టే, దాని మీద ఉప్పు చేపే.

ఇప్పుడు నా పని సంగతి. అక్టోబరులో ఆట మానేసి బూట్లు విప్పేశాక, మన పాత మైదానంలోనే అమ్మాయిల జట్టుకి శిక్షణ ఇస్తున్నానని నీకు తెలుసు. పద్నాలుగు మంది ఉన్నారు. అందులో మిర్తెల్ అని ఒక గడుగ్గాయి ఉంది, పన్నెండేళ్ళది. నిన్న కాక మొన్న ఆటలో, పక్కనే తోటిపిల్ల ఖాళీగా నిలబడి అరుస్తుంటే, బంతి ఇవ్వకుండా తనే కొట్టేసింది. బయటికి పోయింది. పిలిచి అడిగాను.

"ఎందుకివ్వలేదు?"

"చూడలేదు కోచ్."

"చూడలేదా?"

"ఒట్టు, చూడలేదు."

చూసింది అన్నయ్యా. నాకు తెలుసు. ఆ పిల్ల నా చొక్కా బొత్తాం వైపు చూస్తూ చెప్పిన తీరు నాకు బాగా తెలుసు. కోప్పడదామనుకున్నాను. కానీ "సరే, వెళ్ళు" అన్నాను. అది బతికిపోయానని పరిగెత్తింది. నేను మాత్రం అక్కడే బెంచీ మీద కూర్చుండిపోయాను.

నీ ఉత్తరం అప్పటికే నా జేబులో ఉంది. నువ్వు రాసిన మాటలు మళ్ళీ నీకే రాస్తున్నాను: "హెడి ఈ వేసవంతా మీ జట్టులో ఆడతానని ప్రాణం తీస్తోంది. ఎడమ కాలు నాది, మొండితనం వాళ్ళమ్మది. దానికి తలెత్తి ఆడటం నువ్వైతేనే నేర్పగలవు. ఆ హాలండ్ ఆయన వచ్చిన రోజు సంగతి కూడా దానికి చెప్పాను. బాబాయి కళ్ళలో వాన పడింది గానీ, లేకపోతే నాకు బంతి ఇవ్వకుండా ఉండేవాడా అన్నాను."

ఇది చదివాకే మూడు వారాలు కలం పట్టలేకపోయాను. హెడిని నా చేతుల్లో పెడుతున్నావు. ఏం చూసి పెడుతున్నావో నీకు తెలియాలి. తెలిశాకే పెట్టాలో వద్దో నువ్వు తేల్చుకోవాలి.

తన క్లబ్బుకి కుర్రాళ్ళని ఏరుకునే ఆ హాలండ్ ఆయన ఆ రోజు వచ్చింది నీ కోసం. ఊరందరికీ తెలుసు. అంతకుముందు ఏడు పద్దెనిమిది గోల్స్ కొట్టినవాడివి నువ్వు. నన్ను ఎవరు చూడటానికొస్తారు, నీకు బంతి అందించేవాణ్ణి. చెరొక గోల్ అయింది, ఇంకో పది నిమిషాలే ఉంది. మైదానం అంచుల్లో మంచు ఇంకా కరగలేదు, సన్నగా వాన. నేను మధ్యలోంచి బంతి తీసుకొచ్చాను. నువ్వు ఎడమవైపు ఒంటరిగా ఉన్నావు, నీ చుట్టూ పిట్ట కూడా లేదు, చెయ్యి ఎత్తావు, "రైడో!" అని పిలిచావు. నేను కొట్టేశాను. అది కూడా సరైన దెబ్బ కాదు, వాళ్ళ డిఫెండర్ కాలికి తగిలి దారి మారి లోపలికెళ్ళింది. అందరికంటే ముందు పరిగెత్తుకొచ్చి నన్ను ఎత్తుకున్నది నువ్వే. సాయంత్రం ఆయన మన హెల్దుర్ కోచ్‌ని అడిగింది గోల్ కొట్టిన కుర్రాడి పేరు. బట్టలు మార్చుకునేటప్పుడు నువ్వు నన్ను ఒకే ఒక్క మాట అడిగావు: "నన్ను చూడలేదా?" నేను నీ చొక్కా బొత్తాం వైపు చూస్తూ, కళ్ళలో వాన పడింది అన్నాను.

నా కళ్ళలో వాన పడలేదు అన్నయ్యా. నేను నిన్ను చూశాను.

ఇప్పుడు నువ్వు నాకు ఎదురుగా కూర్చుని ఈ వాక్యం చదువుతున్నట్టే ఉంది. నిన్ను నిండుగా చూశాను. నీ చెయ్యి, తడిసిన జుట్టు, అన్నీ చూశాను. ఇచ్చేస్తే నువ్వు వెళ్ళిపోతావు, నేను ఇక్కడే ఉండిపోతాను అనిపించింది. అసూయే అది. దానికి ఇంకో మంచి పేరు వెతకను.

ఆ బంతి నీకే ఇచ్చి ఉంటే నువ్వు హాలండ్ వెళ్ళేవాడివో లేదో ఎవరికి తెలుసు? నువ్వు వడ్రంగం నేర్చుకున్నావు, వదినని చేసుకున్నావు, మంచి ఇళ్ళు కడుతున్నావు, నీ బతుకు నాకంటే బాగుందని నువ్వే అంటావు. కావచ్చు. అయినా అది నువ్వు ఎంచుకోవాల్సింది, నేను కాదు. నేను వెళ్ళిన ప్రతి జట్టులోనూ నాకు ఒకటే పేరు వచ్చింది: స్వార్థం లేని ఆటగాడు, గోల్ ముందుకొచ్చినా పక్కవాడికిచ్చేస్తాడు. ముప్పై ఒక్క మ్యాచుల్లో దేశానికి ఒక్క గోల్ కూడా కొట్టకపోవడానికి కారణం ఎవరికీ తెలియదు. నీకు ఇవ్వని ఒక్క బంతిని ఏడు దేశాల వాళ్ళకి పంచుతూ తిరిగాను. ఎంత పంచినా తీరలేదు.

మొన్న సంత అయిపోయి బల్లలు కట్టేస్తుంటే, ముందు అమ్మకి చెప్పాను. నీకు రాసే ధైర్యం రావాలంటే ఎవరి దగ్గరో ఒకరి దగ్గర నోరు తెరవాలి కదా. అమ్మ తాడు కడుతూనే వింది. ముడి బిగించాక అంది:

"తెలుసు."

"ఏం తెలుసు?"

"నేను ఆ రోజు గోల్ వెనకే నిలబడ్డాను. ముందు వాడి వైపు చూశావు, తర్వాత కొట్టావు. తల్లిని రా, నీ కళ్ళు ఎటు తిరిగాయో నాకు తెలియదా?"

"మరి ఇన్నేళ్ళూ ఎందుకడగలేదమ్మా?"

"అడిగితే అది నేను లాగిన మాటవుతుంది, నువ్వు చెప్పిన మాటవదు."

"అన్నయ్యకి చెప్పావా?"

"నీ మాట నేనెందుకు చెప్తాను?" అంది. తర్వాత తాడు పక్కన పెట్టి, "ఇరవై ఏళ్ళు రా రైడో! నేను పోయేలోపు చెప్తావో చెప్పవో అనుకున్నాను" అని, ఆ మట్టి చేతులతోనే నా మొహం పట్టుకుంది. సంత నడిబొడ్డున చిన్నపిల్లాడిలా ఏడ్చాను. తేనె ఐనో అటు తిరిగి తన సీసాలు లెక్కపెడుతున్నట్టు నటించాడు. మంచివాడు.

ఇంకొకటి కూడా చెప్పేస్తాను. మీ ఇంటికి రమ్మని ఎన్నిసార్లు పిలిచావో! కొత్త ఇల్లు కట్టినప్పుడు పిలిచావు, హెడి పుట్టినప్పుడు పిలిచావు. తాలిన్ నుంచి ఓడలో రెండు గంటలు, అక్కడినుంచి బస్సు. ఇండోనేషియా దాకా వెళ్ళినవాణ్ణి, ప్రతిసారీ మ్యాచ్ ఉందనో, కాలు నొప్పనో రాశాను. మ్యాచూ లేదు, నొప్పీ లేదు. మీ బల్ల దగ్గర కూర్చుని, వదిన వడ్డిస్తుంటే, నువ్వు ఆ రోజు కథ మొదలుపెట్టి "పాపం వీడి కళ్ళలో వాన పడింది" అంటే, తల ఊపుతూ కూర్చోవడం నా వల్ల కాదనిపించింది.

క్షమించమని అడగడం తేలికే, కాగితానికి బరువేముంది. అందుకని ఆ ఒక్క మాట రాయడం లేదు, ఎదురుగా నిలబడి అడుగుతాను. కోపం వస్తే తెచ్చుకో. నాలుగు తిట్టాలనిపిస్తే తిట్టు, ఇరవై ఏళ్ళ బాకీ ఉంది. వదినకి చెప్పు. హెడికి కూడా చెప్పు, నేను చెప్పిన వాన కథ దాని తలలో ఉండిపోకూడదు. విన్న తర్వాత కూడా బాబాయి దగ్గర ఆడతానంటే పంపు, వద్దంటే బలవంతపెట్టకు.

సెలవులు మొదలైన వారం, జూన్ ఏడో తేదీ శనివారం, మధ్యాహ్నం ఓడకి తాలిన్ రేవులో ఉంటాను. జవాబు రాయకపోయినా ఉంటాను. హెడి దిగితే సంచీ అందుకుని ఇంటికి తీసుకెళ్తాను. ఎవరూ దిగకపోతే, అదే ఓడ తిరుగు ప్రయాణానికి నేను ఎక్కుతాను. టికెట్ కొనేశాను. నువ్వు తలుపు తీసేదాకా నువ్వు కట్టిన ఆ మెట్ల మీదే కూర్చుంటాను.

ఇట్లు,
ఆ రోజు నిన్ను చూసిన
నీ తమ్ముడు,
రైడో